కాలువకైనా కట్టేసే తేదీ ఉంటుంది

ఈమధ్య మావాళ్ళెవరితో మాట్లాడినా ఒకటే మాట. "ఆ లింకు పంపరా, చూస్తా." పెళ్ళి ఫోటోలు, పొలం పాసుపుస్తకం, పిల్లాడి మార్కుల కాయితాలు, నాన్న గుండె రిపోర్టులు, అన్నీ మబ్బులోనే (అదేనండీ, క్లౌడులో). లింకు పంపడానికి రెండు నొక్కులు చాలు. పంపినదాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగ అని మాత్రం ఎవరూ అడగరు. ఇన్నేళ్ళుగా ఈ సాఫ్టువేరు పని మీదే బతుకుతున్న నేనూ అడగలేదు.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం నా వాదన ముందే చెప్పేస్తాను. అనుమతి ఇవ్వడం ఎంత తేలికో, తీసెయ్యడం కూడా అంత తేలిగ్గా ఉండాలి. ఇచ్చేటప్పుడే "ఎప్పటిదాకా?" అని అడగాలి. అది అడగని కంపెనీలదీ తప్పే. "ఒక్క నొక్కుతో మీ షేరింగులన్నీ ఊడ్చేస్తాం" అని టూల్సు అమ్మేవాళ్ళదీ తప్పే. అలాంటి టూలు ఒకటి రాసేసి, రాత్రికి రాత్రి జనం మీదకి వదిలేసే ఇంజినీర్లదీ తప్పే. ఈ ఆఖరి జాబితాలో నేనూ ఉన్నాను కాబట్టి కాస్త గట్టిగానే తిడతాను, ఏమనుకోకండి.

2022 జులైలో గోదారికి పెద్ద వరదొచ్చింది గుర్తుందా? ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. 2006 తరవాత మావాళ్ళు అంత నీరు చూడలేదు. కోనసీమ లంకల్లో జనం మేడల మీదకెక్కి కూచున్నారు. పడవ ఎప్పుడొస్తుందో తెలీదు, పాలప్యాకెట్టు ఎవరు తెస్తారో తెలీదు. బెంగుళూరులో కూచున్న నావల్ల అయింది ఒకటే, ఒక స్ప్రెడ్‌షీటు తెరవడం. ఊరు, పేరు, ఫోను, ఇంట్లో ఎంతమంది, పసిపిల్లలున్నారా, కడుపుతో ఉన్నవాళ్ళున్నారా, ఏం కావాలి. డబ్బు పంపుతామని కొందరు ముందుకొచ్చాక బ్యాంకు ఖాతా నంబరుకి ఇంకో కాలమ్. "లింకున్న ఎవరైనా మార్చవచ్చు" అని పెట్టి వాట్సాపు గుంపుల్లోకి వదిలేశాను.

అది తప్పని ఇప్పటికీ అనను. ఆ నాలుగు రోజులూ ఆ షీటు అలా బార్లా తెరిచే ఉండాలి. పడవ దగ్గరున్న కుర్రాడు నా అనుమతి కోసం మెయిలు పెట్టి కూచుంటే అక్కడ పసిపిల్ల ఆకలితో ఏడుస్తూ ఉంటుంది. తెరవడం ధర్మమే. నీళ్ళు తీశాక మూయకపోవడం నా తప్పు. నీళ్ళు తీశాయి, సాయం అందింది, అందరం "శభాష్" అనుకున్నాం, ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. షీటు మాత్రం అలాగే ఉండిపోయింది, నాలుగొందల పైచిలుకు కుటుంబాల పేర్లతో, ఫోన్లతో, ఖాతా నంబర్లతో.

రెండేళ్ళ తరవాత మా బాబాయి ఫోన్ చేశాడు.

"ఒరే అబ్బాయ్, ఆ లంకలో మనం బియ్యం పంపించామే, ఆవిడకెవరో ఫోన్ చేశారంట. వరద సాయం బాకీ ఉంది, ఫోనుకొచ్చిన నంబరు చెప్పమన్నారంట. ఖాతా నంబరు చివరి అంకెలు కూడా వాళ్ళే చెప్పారంటరా. ఆవిడ గట్టిది కాబట్టి ముందు నన్నడిగింది."

ఫోన్ పెట్టేసి ఆ షీటు తెరిచాను. పైన కుడివైపు మూల ఒక బొమ్మ, "అనామక నక్క". లాగిన్ అవ్వకుండా లింకుతో వచ్చినవాళ్ళని అలా ఏదో ఒక జంతువు పేరుతో చూపిస్తారు కదా, అదన్నమాట. వరదొచ్చిన రెండేళ్ళకి, మిట్టమధ్యాహ్నం, ఎవరో ఆ షీటు తెరిచి చూస్తున్నారు! మావాడే ఎవడో ఫోనులో తెరిచాడేమో. కాదేమో. ఆవిడకి ఫోన్ చేసినవాడి చేతికి నంబరు ఈ షీటు లోంచే వెళ్ళిందని నేను నిరూపించలేను. వెళ్ళలేదని కూడా నిరూపించలేను. లింకు పట్టుకుని వచ్చిన అనామకుడు ఎవరో, ఎన్నిసార్లు వచ్చాడో, ఏం రాసుకుపోయాడో చెప్పే లెక్క నా దగ్గర లేదు. నాకు నిద్రపట్టకుండా చేసింది అదే.

"ఆఁ, మన ఫైళ్ళు ఎవడు చూస్తాడండీ" అనే పెద్దమనుషులకి ఇక్కడో మాట. మన రాష్ట్రంలోనే జరిగినవి గుర్తు చేసుకోండి. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక బయటపెట్టింది. అంబర్ సిన్హా, శ్రీనివాస్ కోడలి రాశారు. నాలుగు ప్రభుత్వ పథకాల పేజీల్లో జనం ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని చూపించారు. అన్నీ కలిపితే పదమూడు కోట్ల దాకా ఉండొచ్చని వాళ్ళ అంచనా. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ వే, చంద్రన్న బీమా ఒకటి, ఉపాధి హామీ కూలి చెల్లింపుల రోజువారీ నివేదికలు రెండోది. ఏడాది తిరక్కుండానే 2018 ఏప్రిల్లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో లక్షా ముప్ఫై వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ వివరాలు బయటపడ్డాయి, కులం, మతం వివరాలతో సహా.

ఇందులో హాలీవుడ్ సినిమా హ్యాకింగు ఏమీ లేదని గమనించండి. గోడ దూకినవాడు లేడు. తలుపు తెరిచి ఉంది, చూడాలనుకున్నవాడు చూశాడు. ఆ పేజీలు పెట్టినవాళ్ళు దుర్మార్గులని నేననుకోను. "పని జరగాలి, అందరికీ కనబడాలి" అనే మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు, అచ్చం నా వరద షీటు లాగే. చూశాక మూయడం అనే పని మాత్రం ఎవరి ఉద్యోగంలోనూ లేదు.

సరే, నా కథకి వద్దాం. ఆ రోజే కంగారుగా ఒక స్క్రిప్టు రాశాను. నా ఖాతాలో "లింకున్న ఎవరికైనా" అని తెరిచి ఉన్నవన్నీ వెతికి లెక్కపెట్టమన్నాను. ఆరొందల పన్నెండు. పేర్లు చదువుతుంటే చెమటలు పట్టాయి. పాత ఇంటి అద్దె ఒప్పందం. ఎప్పుడో ఉద్యోగం మారినప్పుడు పంపిన జీతం స్లిప్పులు. మా చెల్లి పెళ్ళిచూపుల ఫోటోలు. తాతగారి పొలం పంపకాల కాయితాలు, సంతకాలతో సహా.

కోపమొచ్చింది. కోపమొచ్చిన ఇంజినీరు ఏం చేస్తాడో అదే చేశాను, ఇంకో పది లైన్లు రాసి మొత్తం ఊడ్చేశాను. తెరిచిన లింకులతో ఆగలేదు. పేరుపేరునా ఇచ్చిన అనుమతులు కూడా. "ఎవరికి కావాలంటే వాళ్ళే అడుగుతార్లే" అనుకున్నా. ఆఫీసుల్లో మేం రోజూ అనే మాటే అది. ఆ రాత్రి మహా తృప్తిగా పడుకున్నాను, ఇల్లు కడిగి ముగ్గేసినట్టు.

తెల్లవారుజామున అయిదింటికి లేచి చూస్తే పదకొండు మిస్డ్ కాల్సు, మెయిల్లో ఏడు "అనుమతి కావాలి" అభ్యర్థనలు. రాత్రి ఒంటిగంటకి నాన్నకి గుండెల్లో నొప్పొస్తే బాబాయి రాజమండ్రిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పాత రిపోర్టులేవి, రక్తం పల్చబడడానికి ఏ మందు వాడుతున్నారు అని డాక్టరు అడిగాడు. అవన్నీ నేను స్కాన్ చేసి, ఫోల్డరులో పెట్టి, బాబాయి ఫోనుకిచ్చినవే. "ఇంక కాయితాలు మొయ్యక్కర్లేదు" అని గొప్పగా చెప్పి మరీ ఇచ్చాను. ఆ రాత్రి ఆయన తెరిస్తే తాళం బొమ్మ కనబడింది. నొక్కాడు, నొక్కాడు, ఏడుసార్లు నొక్కాడు.

నాన్న క్షేమం. కాపాడింది నా మబ్బు కాదు, అమ్మ పసుపు సంచీ. నేనెంత చెప్పినా వినకుండా ప్రతి రిపోర్టుకీ ఒక జిరాక్సు తీయించి అందులో పెట్టుకుందావిడ. (ఆ సంచీని చూసి ఎన్నిసార్లు నవ్వానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.)

పొద్దున్న ఫోన్లో బాబాయి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"తాళం మార్చుకో నాయనా, వద్దనలేదు. మార్చేముందు ఓ మాట చెప్పాలి కదరా. కాలువ కట్టేసేప్పుడు గవర్నమెంటోడు కూడా ముందు పేపర్లో వేయిస్తాడు."

ఆయన పొలం గోదారి కాలువ కిందే. ఆ మాట నేను చదివిన భద్రతా పుస్తకాలన్నిటికంటే గట్టిగా తగిలింది.

డెల్టా సంగతి తెలియనివాళ్ళకి చెప్తాను. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల రాతే మారిపోయింది. ఇవాళ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి పది లక్షల ఎకరాలకి నీళ్ళు ధవళేశ్వరం నుంచే వస్తాయి. అన్నం పెట్టే ఆ నీటిని కూడా ఏడాది పొడుగునా వదిలెయ్యరు. దాళ్వా చివరికొచ్చాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఏ తేదీకి కట్టేస్తారో ముందే చెబుతారు. ఆలోగా మంచినీళ్ళ చెరువులు నింపుకోమంటారు. కట్టేసిన రోజుల్లో పూడిక తీస్తారు, లాకులూ తూములూ బాగుచేస్తారు. మళ్ళీ సార్వాకి వదులుతారు. తేదీ మీద గొడవలు అవుతాయి, ఇంకో తడికి నీళ్ళు కావాలని రైతులు రోడ్డెక్కుతారు, కొన్నిసార్లు తేదీ జరుపుతారు. అయినా సరే, కాలువకి ఒక కట్టేసే రోజు ఉంటుందనీ, అది ముందే తెలుస్తుందనీ ఊళ్ళో పిల్లాడికి కూడా తెలుసు.

మన లింకులకి ఆ రోజు లేదు. అక్కడే నా తగువు.

ఇది సాంకేతికంగా అసాధ్యమా అంటే కాదు. గూగుల్ డ్రైవులో అనుమతికి గడువు పెట్టే ఏర్పాటు ఉంది. కాకపోతే అది పేరు పెట్టి ఇచ్చిన మనిషికో, గ్రూపుకో మాత్రమే పెట్టగలం, అదీ ఏడాదికి మించకుండా. "లింకున్న ఎవరికైనా" అనే అనుమతికి ఆ గడువు వర్తించదు. చోద్యం చూడండి! పేరు తెలిసిన బాబాయికి గడువు పెట్టొచ్చట, ఊరూ పేరూ లేని నక్కకి పెట్టలేమట. ఏ తలుపు ఎక్కువ ప్రమాదమో దానికే గడియ లేదు.

"మేం సదుపాయం ఇచ్చాం, మూసుకోవడం వాడేవాళ్ళ బాధ్యత" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. ఆరొందల ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూసే తీరిక ఎవడికుంది? నాకు ప్రోగ్రామింగు వచ్చు కాబట్టి స్క్రిప్టు రాసుకున్నా. మా బాబాయి ఏం చెయ్యాలి? ఇంటర్నెట్ సెంటరులో కాయితాలు స్కాన్ చేయించుకునే రైతు ఏం చెయ్యాలి? ఇవ్వడం అందరికీ వచ్చి, తీసుకోవడం మాబోటి కొద్దిమందికే వస్తే, అది వాడేవాళ్ళ బాధ్యత అనడం మోసం.

ఇక "ఒక్క నొక్కు" టూల్సు. అలాంటిది ఏదైనా తగిలించుకోబోయే ముందు అది అడిగే అనుమతి ఒకసారి చదవండి. చాలావాటికి మీ ఫైళ్ళన్నీ చూడ్డానికి, మార్చడానికి, చెరిపెయ్యడానికి హక్కు కావాలి. అంటే చిన్నచిన్న తలుపులు మూయించుకోడానికి ఇంటి తాళంచెవుల గుత్తి ఒక దారినపోయే దానయ్యకి ఇస్తున్నామన్నమాట! పని అయ్యాక ఆ గుత్తి వెనక్కి పుచ్చుకునేవాళ్ళు ఎంతమంది? మీ ఖాతా సెట్టింగుల్లో బయటి యాప్‌ల జాబితా తెరిచి చూస్తే తెలుస్తుంది. ఎప్పుడో ఒక్కసారి వాడిన ఫోటోల యాప్ ఇంకా లోపలే కూచుని ఉంటుంది.

మరి స్క్రిప్టు వద్దా? కావాలి. చేత్తో అయ్యే పని కాదు. కాని చీపురులా కాదు, కాలువ కట్టేసినట్టు చెయ్యాలి. రెండోసారి నేనెలా చేశానో చెప్తాను. ఇందులో నా తెలివేమీ లేదు, బాబాయి మాటే.

మొదటి విడతలో స్క్రిప్టు దేన్నీ ముట్టుకోదు, జాబితా రాస్తుంది అంతే. ఏ ఫైలు, ఎవరికి, చూడ్డానికా మార్చడానికా, ఆ అనుమతి ఫైలుకే ఇచ్చిందా పై ఫోల్డరు నుంచి వచ్చిందా. ఈ చివరిది ముఖ్యం. ఫోల్డరుకిచ్చిన అనుమతి లోపలున్న వాటన్నిటికీ పారుతుంది. పంటబోదె దగ్గర మట్టి అడ్డేస్తే లాభం లేదు, పైన తూము దగ్గరే ఆపాలి. ఏ తూము కింద ఎవరి చేలున్నాయో చూడకుండా మూశాను కాబట్టే నాన్న రిపోర్టులు ఎండిపోయాయి.

రెండో విడత మనిషి పని. ప్రతి వరస పక్కనా ఉంచాలా, మూయాలా, ఎప్పటిదాకా అని నేనే రాశాను. రెండు ఆదివారాలు పట్టింది. ఈ పని ఏ టూలూ చెయ్యలేదు. తాతగారి పంపకాల కాయితం మూయాలని, నాన్న రిపోర్టులు ఉంచాలని దానికెలా తెలుస్తుంది? రెండూ దాని కంటికి ఒకే రకం ఫైళ్ళు.

మూడోది చాటింపు. "ఫలానా తేదీ తరవాత ఈ లింకు పనిచెయ్యదు, కావలసింది దించుకోండి" అని అందరికీ పంపి పదిహేను రోజులు ఆగాను. మంచినీళ్ళ చెరువులు నింపుకోమనడం అన్నమాట. ముగ్గురు అభ్యంతరం చెప్పారు. ముగ్గురివీ న్యాయమైన కారణాలే. వాటిని ఉంచాను.

అప్పుడు కట్టేశాను. ఏది తీశానో, ఎవరి దగ్గర తీశానో స్క్రిప్టు ఒక చిట్టాలో రాస్తుంది. అది లేకపోతే పొరపాటు దిద్దుకునే దారే లేదు, ఎందుకంటే తీసేసిన అనుమతిని తిరిగి పెట్టే "అయ్యో" మీట ఎక్కడా ఉండదు :) యాప్స్ స్క్రిప్టులో రాసేవాళ్ళకి ఇంకో మాట, ఒక్కో విడతకి ఆరు నిమిషాలే సమయమిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకుని మళ్ళీ అక్కణ్ణుంచి మొదలయ్యేలా రాసుకోండి. లేకపోతే సగం మూసి సగం తెరిచి, అంతా అయిపోయిందనుకుని కూచుంటారు.

ఇంత చేశాకా దీని హద్దులు తెలుసుకోండి. ఎవరైనా దించుకున్న కాపీని ఏ స్క్రిప్టూ వెనక్కి తేలేదు. మూసిన ఫైలుని రేపు మళ్ళీ "లింకున్న ఎవరికైనా" అని తెరిస్తే పాత లింకే తిరిగి బతుకుతుంది. అది దాచుకున్న పాతవాళ్ళందరికీ తలుపు తెరుచుకున్నట్టే. మళ్ళీ పంచాలంటే కొత్త కాపీ తీసి పంచండి. షీటులో ఖాతా నంబర్ల కాలమ్ చెరిపేశాను కదా అని ధీమాగా ఉండకండి, మార్చే హక్కున్నవాళ్ళు పాత ప్రతులు తిరగేసి చూడొచ్చు. వరద షీటు విషయంలో నేను ఆ ఫైలునే పూర్తిగా తీసేశాను. ఆ తరవాత బాబాయిని వెంటబెట్టుకుని, అందులో ఉన్నవాళ్ళకి చేతనైనంతమందికి ఫోన్ చేసి, "వరద సాయం పేరుతో ఎవరు ఫోన్ చేసినా నంబర్లు చెప్పకండి" అని చెప్పాను. సిగ్గుగానే ఉంది. చెప్పాల్సిందే.

చట్టం చూసుకుంటుందిలే అనుకునేవాళ్ళకి ఆఖరి మాట. 2023లో మన దేశానికి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలూ వచ్చాయి. పని తీరిపోయాక సమాచారం చెరిపెయ్యాలన్న సూత్రం అందులో ఉంది, మంచిదే. కాని సొంతానికి, ఇంటి అవసరాలకి వాడుకునేదాన్ని ఆ చట్టం పట్టించుకోదు. మీ పెదనాన్న పాసుపుస్తకం లింకు ఎక్కడ తిరుగుతోందో చూడ్డానికి ఏ అధికారీ రాడు. అది మనమే చూసుకోవాలి.

కంపెనీలవాళ్ళు గడువు అడిగే పెట్టె పెట్టేదాకా నేను ఊరుకోను, సందు దొరికినచోటల్లా ఇదే నస పెడతాను. ఈలోగా మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. వేసవిలో అక్కడ కాలువలు కట్టేసే రోజుల్లోనే ఇక్కడ నా స్క్రిప్టు జాబితా తీస్తుంది. తేదీ నేను కనుక్కోనక్కర్లేదు. బాబాయే ఫోన్ చేస్తాడు, "ఒరే, కట్టేస్తున్నారంట, నీది కూడా చూసుకో" అని. నాన్న రిపోర్టుల వరసకి ఎదురుగా మాత్రం "ఉంచాలి" అని శాశ్వతంగా రాసిపెట్టాను. అమ్మ సంచీలో జిరాక్సులు కూడా అలాగే ఉన్నాయి. ఇప్పుడు నేనే తీయించి ఇస్తున్నాను.

మీ ఖాతాలో ఎన్ని తెరిచి ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఈ ఆదివారం ఓ గంట కూచోండి. మూయకపోయినా ఫరవాలేదు, ముందు జాబితా తీయండి చాలు.